కాకినాడ మీదికి విమానాలు పంపిన నౌకాధిపతి

1942 ఏప్రిల్ 6వ తేదీ సోమవారం నాడు బంగాళాఖాతంలో ర్యూజో అనే జపాను విమానవాహక నౌక గాలికి ఎదురుగా తిరిగి, బాంబులు మోసిన విమానాలను ఒక్కొక్కటిగా ఆకాశంలోకి వదలినది. వాటిలో కొన్ని విశాఖపట్టణం వైపునకు సాగినవి. కొన్ని గోదావరి ముఖద్వారాలకు ఉత్తరాన ఉన్న కాకినాడ రేవు మీదికి వచ్చినవి. ఆనాడు తూర్పు గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైన కాకినాడలో జరిగిన నష్టం స్వల్పమే. విశాఖలో అంతకంటె హెచ్చు. అయినను ప్రధాన భారతభూమి మీద శత్రు విమానాలు బాంబులు వేయడం అదే మొదలు. అంతకు పూర్వం 1914 సెప్టెంబరు 22న ఎమ్డెన్ అనే జర్మను నౌక మద్రాసు మీద ఫిరంగి గుండ్లు కురిపించి పోయినది. అది రాత్రివేళ సముద్రం మీదనుండి వచ్చిన ఆపద. ఈసారి ఆపద ఆకాశం నుండి వచ్చినది.

ఆ విమానాలను పంపిన నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ జిసబురో ఓజావా. రెండవ ప్రపంచయుద్ధ చరిత్రలో యమమోటో, నగుమోల పేర్ల సరసన ఇతని పేరు తప్పక కనిపిస్తుంది. నౌకాయుద్ధ శాస్త్రం ఎరిగిన వారిలో పలువురు జపాను సేనానులలో ఇతనికే అగ్రస్థానం ఇస్తారు. అయితే తెలుగు తీరానికి ఇతనితో గల సంబంధం ఆ ఒక్క రోజుది మాత్రమే. ఆ రోజు అతని జీవితంలో విజయదినాలలో ఒకటి. అటువంటివి అతనికి తర్వాత ఎక్కువగా లభించలేదు.

ఓజావా 1886 అక్టోబరు 2న జపాను దక్షిణాన ఉన్న క్యూషూ దీవిలో, మియజాకి ప్రాంతపు తకనాబె అనే చిన్న ఊరిలో జన్మించినాడు. జపానీయులలో అరుదైన పొడగరి. ముఖం మొరటుగా ఉండేది. ఇంటి కప్పుల మీద దిష్టికోసం నిలిపే రాక్షసి ముఖపు పెంకు పేరును నౌకాదళంలోని వారు అతనికి మారుపేరుగా పెట్టినారు. మాట తక్కువ మనిషి.

అతని పద్దెనిమిదవ ఏట, 1905 మే నెలలో, సుషిమా జలసంధిలో జపాను నౌకలు రష్యా నౌకాదళాన్ని తుడిచిపెట్టినవి. ఐరోపా రాజ్యమొకటి ఆసియా రాజ్యం చేతిలో ఓడిపోవడం ప్రపంచానికే వింత. ఆ వార్త మన దేశంలోని యువకులకు కలిగించిన ఉత్సాహం ఇంతింతనరానిది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాలుడు రాజమహేంద్రవరంలో ఉపన్యసించినప్పుడు ట్రైనింగు కళాశాల విద్యార్థులు కదలిపోవడానికి, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు కళాశాల నుండి బహిష్కృతులు కావడానికి వెనుక వందేమాతర ఉద్యమంతోపాటు తూర్పుదిక్కున ఉదయించిన ఈ కొత్త ఆశ కూడా లేకపోలేదు. సరిగా ఆ రోజులలోనే ఓజావా ఎటాజిమా నౌకావిద్యాలయంలో విద్యార్థి. 1909లో పట్టం పుచ్చుకొని బయటికి వచ్చినాడు. ఏ జపాను పేరు చెప్పుకొని గోదావరి ఒడ్డున విద్యార్థులు పొంగిపోయినారో, ముప్పది అయిదేండ్ల తర్వాత ఆ జపాను నుండే గోదావరి మండలం మీదికి బాంబులు రావడం చరిత్రలోని విపరీతాలలో ఒకటి.

నౌకాదళంలో అతడు అభ్యసించినది టార్పెడో విద్య. నీటిలో మునిగి పోయి శత్రునౌక అడుగును తాకే ఆ ఆయుధం కోసం చీకటిలో దగ్గరకు వెళ్ళే తెగువ కావలెను. తర్వాత నౌకా యుద్ధ కళాశాలలో బోధకుడుగా పనిచేసినాడు. మాయా అనే క్రూయిజరుకు, హరూనా అనే మహా యుద్ధనౌకకు కెప్టెనుగా ఉన్నాడు. 1937లో సంయుక్త నౌకాదళానికి ప్రధాన సిబ్బంది అధికారి అయినాడు. ఇంతవరకు అతని ఉద్యోగ చరిత్రలో విమానాల ప్రసక్తి లేదు. అతడు విమానచోదకుడు కాడు. అందుచేతనే కాబోలు, విమానచోదకులకు తట్టని ఒక ఆలోచన అతనికి తట్టినది.

1939 చివర అతనికి ఒకటవ విమానవాహక విభాగం అప్పగింపబడినది. విమానవాహక నౌక పనిచేసే తీరు కొంత తెలిసికొననిదే అతని ఆలోచన బోధపడదు. ఈ నౌక పై అంతస్తు అంతా బల్లపరుపుగా ఉంటుంది. నౌక గాలికెదురుగా పూర్తి వేగంతో నడుస్తుండగా విమానాలు దాని మీద పరుగెత్తి లేచిపోతాయి. అవి తిరిగి వచ్చే వేళకు నౌక బయలుదేరినచోట ఉండదు. ఎన్నో మైళ్ళు జరిగిపోయి ఉంటుంది. ఎటు చూచినా నీరే కనిపించే సముద్రం మీద దానిని వెతికి పట్టుకొని, అలల మీద ఊగుతున్న ఆ చిన్న బల్ల మీద దిగవలెను. ఈ విద్య నేర్పడానికి ఏండ్లు పట్టుతుంది. నౌకను కర్మాగారంలో కట్టవచ్చును, విమానాన్ని కట్టవచ్చును. ఈ చోదకుని మాత్రం తొందరపెట్టి తయారుచేయడం సాధ్యం కాదు.

ఆ రోజులలో విమానవాహక నౌకలు మహా యుద్ధనౌకలకు పరిచారికల వంటివి. వాటిని రెండేసిగా విడదీసి వేరువేరు దళాలకు పంచియుంచేవారు. ఒక నౌక పంపగల విమానాలు ఇరవైయో ముప్పదియో. అన్ని నౌకలను ఒకే అధిపతి కింద, ఒకేచోట కూర్చితే రెండు మూడు వందల విమానాలు ఒక్కసారిగా శత్రువు మీద పడగలవు. తమ్ము తాము రక్షించుకొనగలవు. ఓజావా 1940లో ఈ సూచనను తన పైఅధికారి యమమోటోను దాటి తిన్నగా నౌకామంత్రికి పంపినాడు. యమమోటోకు ఆ పద్ధతి నచ్చలేదు. అయినను వాదం నిలిచినది. 1941 ఏప్రిల్‌లో మొదటి విమాన నౌకాదళం ఏర్పడినది. దానికి అధిపతిని నియమించవలసి వచ్చినప్పుడు సర్వీసులో పెద్దవాడని నగుమోకు పదవి ఇచ్చినారు. నగుమోకు విమానాల సంగతి అంతంత మాత్రమే. ఎనిమిది నెలలకు పెర్ల్ హార్బరు మీద దాడి చేసినది ఆ దళమే. ఆలోచన ఒకరిది, పదవి మరొకరిది.

ఓజావాకు దక్కినది దక్షిణపు నౌకాదళం. 1941 డిసెంబరులో మలయా తీరంలో జపాను సైన్యాలను దింపే బాధ్యత అతనిది. రెండు రోజులలోనే, డిసెంబరు 10న, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే బ్రిటిషు మహా నౌకలు రెండూ ఇండోచైనా నుండి ఎగిరి వచ్చిన జపాను నౌకాదళపు విమానాల చేతిలో మునిగిపోయినవి. నడిసముద్రంలో, యుద్ధానికి సిద్ధంగా కదులుతున్న మహా నౌకలను కేవలం విమానాలు ముంచడం అదే ప్రథమం. సింగపూరు 1942 ఫిబ్రవరి 15న పడిపోయినది. మార్చి 8న రంగూను వశమైనది. మార్చి 23న అండమాను దీవులలో జపాను సైన్యం దిగినది.

రంగూను పతనం గోదావరి మండలానికి దూరపు వార్త కాదు. కాకినాడ, కోరంగి రేవులనుండి స్టీమరెక్కి రంగం పోయి, బియ్యపు మిల్లులలోను రేవులోను కష్టపడి డబ్బు పంపించిన తెలుగువారు వేలకువేలు. కోరంగి పేరు మీదనే బర్మాలో తెలుగువారికి ఒక పేరు స్థిరపడినది. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడిననాటినుండి ఆ జనం తిరుగుముఖం పట్టినారు. ఓడ దొరికినవారు ఓడమీద, దొరకనివారు అడవులు కొండలు నడిచి వచ్చినారు. దారిలో రాలిపోయినవారు ఎందరో. కనుక జపాను విమానమంటే ఏమిటో కాకినాడకు విమానం రాకముందే తెలుసు. ఆ తెలివి భయాన్ని తగ్గించలేదు, పెంచినది.

ఏప్రిల్ మొదట జపానువారు హిందూమహాసముద్రం మీదికి రెండు దళాలను పంపినారు. అయిదు పెద్ద విమానవాహక నౌకలతో నగుమో సింహళం వైపు వెళ్ళి, 5వ తేదీన, ఈస్టరు ఆదివారం నాడు, కొలంబోను కొట్టినాడు. 9వ తేదీన ట్రింకోమలీని కొట్టి, హెర్మిస్ అనే బ్రిటిషు విమానవాహక నౌకను ముంచినాడు. ఓజావా బర్మా దక్షిణాన ఉన్న మెర్గుయి నుండి ఏప్రిల్ 1న బయలుదేరి బంగాళాఖాతంలో ప్రవేశించినాడు. అతని వెంట అయిదు పెద్ద క్రూయిజర్లు, యూరా అనే చిన్న క్రూయిజరు, కొన్ని డిస్ట్రాయర్లు, వీటికి తోడు ఒకే ఒక విమానవాహక నౌక. విమానవాహక నౌకలన్నిటిని ఒక్కచోట చేర్చవలెనని వాదించిన వాని చేతికి వచ్చినది ఒక్క నౌక!

ఆ ఒక్కటి కూడా చిన్నది. వాషింగ్టను ఒడంబడిక ప్రకారం పదివేల టన్నులకు తక్కువైన విమానవాహక నౌకలకు లెక్క లేదు. ఆ సందు చూచుకొని జపానువారు ఎనిమిదివేల టన్నుల నౌకగా ర్యూజోను రూపొందించినారు. తర్వాత విమానాలు చాలవని దాని మీద ఇంకొక అంతస్తు లేపినారు. దానితో పై బరువు ఎక్కువై నౌక ఒరగజొచ్చినది. సరిదిద్దడానికి మళ్ళీ మళ్ళీ రేవుకు చేర్చవలసి వచ్చినది. 1933లో దళంలో చేరిన ఈ నౌక 1937లో షాంఘై యుద్ధంలో పాల్గొన్నది. 1941 డిసెంబరు 8న ఫిలిప్పీనులలోని దవావో మీదికి విమానాలు పంపినది. దాని చోదకులు కొత్తవారు కారు. బాంబులు వేయడానికి వాడినవి 97వ రకపు విమానాలు. ఒక్కొక్క దానిలో ముగ్గురు మనుషులు కూర్చుంటారు.

6వ తేదీ ఉదయానికి ఓజావా తన నౌకలను మూడు గుంపులుగా చీల్చి, కలకత్తా నుండి మద్రాసు వైపు తీరం వెంబడి పోయే సరకు స్టీమర్ల మీద పడినాడు. కాపాడడానికి బ్రిటిషు నౌకాదళం దాపులలో లేదు. అది మాల్దీవుల దక్షిణాన అడ్డూ దీవుల దగ్గర ఉన్నది. తీరంలో ఉన్న విమానాలు బహు కొద్ది, అవీ చాలావరకు పాతబడిన రెండు రెక్కలవి. సాయంత్రమయ్యేసరికి ఇరవై దాకా వర్తకపు నౌకలు మునిగినవి. ఈ సంచారం మొత్తంమీద మునిగిన వర్తకపు నౌకల బరువు లక్షటన్నులు మించినది. ప్రాణాలతో బయటపడిన నావికులు చిన్న పడవలలో ఒరిస్సా తీరానికి చేరుకున్నారు.

కాకినాడ మీదికి, విశాఖ మీదికి విమానాలు రావడం ఈ పెద్ద వేటలో ఒక భాగమే. విశాఖలో రేవు కొత్తది, 1933లో ప్రారంభమైనది. కాకినాడలో ఆనాడు పెద్ద నౌకలు ఒడ్డుకు రాలేకపోయేవి. హోప్ దీవి చాటున సముద్రంలోనే లంగరు వేస్తే, సరకు పడవలు పోయి దించుకొని వచ్చేవి. అట్లు కదలక నిలిచిన నౌకలు పైనుండి చూచేవానికి తేలిక గురి. ధవళేశ్వరం ఆనకట్ట అక్కడికి విమానం మీద పావుగంట దూరంలోపు. మొత్తం డెల్టాకు అన్నం పెట్టే ఆ కట్ట వైపు వారు తిరగలేదు. వారికి కావలసినవి నౌకలు. కలకత్తా తీరపు రవాణాను తెంచడం, సముద్రమార్గాన రంగూనుకు చేరుతున్న తమ సైన్యాలకు అడ్డు లేకుండ చేయడం, ఇంతవరకే ఓజావాకు అప్పగించిన పని. అతని నౌకలలో తీరాన దింపడానికి సైన్యమే లేదు. పని ముగిసిన వెంటనే అతడు తూర్పుదిక్కుకు మరలిపోయినాడు. మళ్ళీ ఈ తీరానికి రాలేదు.

తీరంలోని వారికి ఈ సంగతి తెలిసే ఉపాయం లేదు. రేపో మాపో జపాను సైన్యం దిగుతుందని అందరూ నమ్మినారు. సర్ స్టాఫర్డ్ క్రిప్సు ఢిల్లీలో కాంగ్రెసు నాయకులతో దేశరక్షణ ఎవరి చేతిలో ఉండవలెనన్న విషయమై తర్జనభర్జనలు చేస్తున్న రోజులవి. ఆ ప్రశ్నకు తీరపట్టణాలు తమంతట తామే జవాబు కనుగొన్నవి: మూటాముల్లె కట్టుకొని జనం లోపలి గ్రామాలకు తరలిపోయినారు. మద్రాసులో ప్రభుత్వమే దారి చూపినది. కార్యాలయాలను లోపలి ఊళ్ళకు తరలించినారు. హైకోర్టు కోయంబత్తూరుకు పోయినది. జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను, తప్పించుకొని ఊరి మీద పడతాయేమోనని, కాల్చి చంపించినారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరు చేరి, యుద్ధం ముగిసిన పిమ్మటగాని తిరిగి రాలేదు. ఒక చిన్న నౌక, దానిమీది కొద్దిపాటి విమానాలు, ఒక పగలు. వాటితో ఒక రాజధాని ఖాళీ అయినది. శత్రువును ఓడించడానికి ఓజావా ఎన్నో యుద్ధాలు చేసినాడు కాని, తాను ఉద్దేశించనైనా ఉద్దేశించని ఈ ఫలితం వంటిది మరెక్కడా సాధించలేదు. విశాఖపట్టణపు మ్యూజియంలో నాటి జపాను బాంబు ఒకటి ప్రదర్శనలో పెట్టినారు.

ర్యూజో మిగిలిన కథ నాలుగున్నర నెలలది. జూన్‌లో అది ఉత్తరాన అలాస్కా దీవుల మీద డచ్ హార్బరును కొట్టడానికి వెళ్ళినది. ఆ దాడిలో దెబ్బతిన్న దాని విమానమొకటి అకుటాన్ అనే దీవిలో బురదనేల మీద దిగబోయి తలక్రిందులైనది. చోదకుడు మరణించినాడు, విమానం చెడలేదు. అమెరికనులు దానిని కనుగొని తీసికొనిపోయి, బాగుచేసి, ఎగురవేసి, అంతవరకు తమకు అంతుపట్టని జీరో విమానం గుట్టు తెలిసికొన్నారు. ఆగస్టు 24న సోలమన్ దీవుల తూర్పున ర్యూజోను ప్రధానదళం నుండి వేరుచేసి ముందుకు పంపినారు. దాని విమానాలు గ్వాడల్‌కెనాల్ మీద దాడికి పోయి ఉండగా సరటోగా అనే అమెరికను నౌకనుండి వచ్చిన విమానాలు దానిని ముంచినవి. దాడినుండి తిరిగివచ్చిన చోదకులకు దిగడానికి నౌక లేదు. చాలామంది సముద్రంలోనే దిగిపోయినారు.

అప్పటికి మిడ్వేలో నాలుగు పెద్ద విమానవాహక నౌకలు పోయినవి. 1942 నవంబరులో నగుమోను తప్పించి ఆ పదవి ఓజావాకు ఇచ్చినారు. రెండేండ్ల క్రితం ఇచ్చియున్నచో ఎట్లుండెడిదో చెప్పలేము కాని, ఇచ్చేనాటికి నౌకలకంటె ముందు చోదకులు తరిగిపోయినారు. ఏండ్ల తరబడి నేర్చినవారు సోలమన్ దీవులలో రాలిపోయినారు. కొత్తవారికి కొన్ని నెలల శిక్షణ మాత్రమే. పెట్రోలు కొరతవల్ల అదీ సగం సగం.

1944 జూన్ 19న ఫిలిప్పీను సముద్రంలో ఓజావా తొమ్మిది విమానవాహక నౌకలతో పదిహేను అమెరికను నౌకలను ఎదుర్కొన్నాడు. అతని పథకంలో లోపం లేదు. జపాను విమానాలు తేలికవి, ఎక్కువ దూరం పోగలవు. కనుక శత్రువుకు అందనంత దూరంలో నిలిచి తానే ముందు కొట్టినాడు. కాని కొట్టవలసిన చేతులు పసివి. రాడారు ముందుగానే పసిగట్టడంతో ఆ యువకులు గుంపులు గుంపులుగా కూలిపోయినారు. అతడున్న తైహో కొత్త నౌక. జలాంతర్గామి వేసిన ఒక్క టార్పెడో తగిలినది. గాయం పెద్దది కాదు. పగిలిన తొట్లనుండి వచ్చే పెట్రోలు ఆవిరి పోవలెనని గాలిమార్గాలన్నీ తెరిచినారు. ఆవిరి బయటికి పోవడానికి బదులు నౌక అంతటా వ్యాపించినది. కొన్ని గంటలకు ఎక్కడో ఒక రవ్వ. నౌక పేలిపోయినది. రెండు రోజులలో మూడు నౌకలు మునిగి, నాలుగు వందలకు పైబడిన విమానాలలో ముప్పది అయిదు మాత్రం మిగిలినవి. ఓజావా రాజీనామా ఇచ్చినాడు. పుచ్చుకొనలేదు.

అక్టోబరులో అతనికి అప్పగించిన పని సేనానులెవరూ కోరుకొనేది కాదు. లేటే దీవిలో అమెరికనులు దిగినారు. వారిని కొట్టడానికి కురిటా నాయకత్వాన మహా యుద్ధనౌకలు పోతున్నవి. మార్గంలో హాల్సీ దళం కాపున్నది. దానిని దూరంగా లాగిపోవడానికి ఒక ఎర కావలెను. ఆ ఎర ఓజావా. నాలుగు విమానవాహక నౌకలు, వాటిమీద నూరుకు కొంచెం మించిన విమానాలు. అవి నిండుగా ఉన్నట్లు నటించడమే యుద్ధవిద్య అయినది. విమానవాహక నౌకలే నౌకాదళానికి ప్రాణమని నేర్పినవాడు, వాటిని మేకపిల్లల వలె కట్టి పులిని పిలువవలసి వచ్చినది.

పులి వచ్చినది. హాల్సీ అరవైకి పైగా నౌకలతో ఉత్తరానికి పరుగెత్తినాడు. 25వ తేదీన ఓజావా నౌకలు నాలుగూ మునిగినవి. వాటిలో జుయికాకు పెర్ల్ హార్బరు మీదికి పోయిన ఆరింటిలో మిగిలిన చివరిది. మార్గం తెరుచుకొన్నది. కురిటా దానిగుండా వచ్చి, ఎదుట చిన్న నౌకలు మాత్రమే ఉండగా, పోరాడి పోరాడి వెనుదిరిగినాడు. శత్రువు తన వలలో పడినాడని ఓజావా పంపిన సమాచారం కురిటాకు చేరనేలేదు. ఆ మహా యుద్ధంలో జపాను పక్షాన తన పనిని పూర్తిగా నెరవేర్చినవాడు ఓజావా ఒక్కడే. నెరవేరినది నిష్ప్రయోజనమైనది.

1945 మేలో అతనిని సంయుక్త నౌకాదళానికి అధిపతిని చేసినారు. ఆ పదవిని అలంకరించినవారిలో అతడే చివరివాడు. దానితో పూర్తి అడ్మిరల్ హోదా రావలసి ఉండగా వద్దన్నాడు. ఏలడానికి నౌకలు లేవు. ఆగస్టు 15న లొంగుబాటు ప్రకటన వెలువడిన తర్వాత ఉగాకి అనే సేనాని పడుచువాళ్ళను వెంటబెట్టుకొని చావడానికి విమానమెక్కి పోయినాడు. అది ఓజావాకు సమ్మతం కాలేదు. తన కిందివారు ఆత్మహత్యలు చేసికొనకుండ చూచినాడు, తానూ బ్రతికినాడు. అమెరికనులు పిలిచి ప్రశ్నించినప్పుడు యుద్ధాల వివరాలు చెప్పినాడు. తర్వాత టోకియోలో పేదరికంలోనే, ఎవరితోను ఎక్కువ మాటలు లేక, ఇరవై ఏండ్లు గడిపినాడు. తోటివారు పలువురు స్వీయచరిత్రలు వ్రాసి తమ్ము సమర్థించుకొన్నారు. అతడు వ్రాయలేదు. 1966 నవంబరు 9న, ఎనుబదవ ఏట మరణించినాడు.

బంగాళాఖాతానికి అతని వెంట వచ్చిన పెద్ద నౌకలలో ఒక్కటీ యుద్ధం ముగిసేదాకా మిగలలేదు. మికుమా మిడ్వేలో పోయినది, తర్వాత ర్యూజో, యూరా. ఓజావా స్వయంగా ఎక్కి వచ్చిన చోకాయ్, సుజుయా, మొగామీ, ఈ మూడూ 1944 అక్టోబరు 25న, అతడు ఎరగా నిలిచిన ఆ రోజునే, వేరువేరు చోట్ల మునిగినవి. ఒక నెల తర్వాత కుమానో.